గుంజ పల్కిన ఇల్లు

శ్రీరాంపూర్ కాలనీల పొద్దున సైరన్ కొట్టకముందే స్వరూప లేస్తది. చాయ పెట్టి, మొదటి షిఫ్టుకు పోయే పెనిమిటి రవికి డబ్బ కట్టి, బిడ్డ నిఖితకు జడలేసి బడికి తోలి, అటెనుక వసారల కుట్టుమిషన్ ముందట కూసుంటది. వసార రేకుల కింద ఒక నల్లటి చెక్క గుంజ ఉన్నది. దాన్ని మామ ఇస్తారి బొగ్గుబాయిల నుంచి తెచ్చిండు. బాయి కప్పు కూలకుండ గుంజలు నిలబెట్టుడే ఆయన ముప్పై ఏండ్ల కొలువు. కొలువు దిగిననాడు ఆయన ఏమీ అడగలే, ఈ గుంజ ఒక్కటే అడిగి తెచ్చుకున్నడు.

బరువు పడేముందు గుంజ పల్కుతది. బాయిల పల్కినట్టే ఇంట్ల గూడ పల్కుతది. గాలివానకు రేకులు లేచేముందు పల్కింది, అత్త దుర్గవ్వ తమ్ముడు పోయిన కబురు రాకముందు పల్కింది. కాలనీల అందరికీ ఎరుకే. నల్లకాడ ఆడోళ్లు, "ఏమే, మీ గుంజ మంచిగున్నదా?" అని పాడిబర్రె సంగతి అడిగినట్టు అడుగుతరు.

ఆ యేడు వానలు వెనుకబట్టినంక గుంజ మళ్ల పల్కుడు షురూ చేసింది. కిర్రుమంటది, ఆగుతది. ఇస్తారి దాని మొదట్ల సుద్దతోని గీత గీసిండు. గీత దినానికింత నేలలకు కుంగుతుంది.

బాయి పనోళ్లు గుంజ పల్కితే మీదికే చూస్తరు. తండ్రీకొడుకులు గూడ గదే చేసిండ్రు. ఇస్తారి పొడుగు కట్టె పట్టి వాసాలన్నీ కొట్టికొట్టి చప్పుడు ఇన్నడు. రవి రెండో గుంజ పెట్టిండు, మూడోది పెట్టిండు. కొత్తయి మూగగ నిలబడ్డయి. పాతదే మొత్తుకుంటుంది.

గా దినాలల్లనే స్వరూపకు తలనొప్పి. పొద్దున కండ్లు తెరవంగనే నెత్తి పగిలినట్టుంటది. కడుపుల తిప్పకుండనే వాంతి వస్తది. చెవులల్ల దూరంగ నది పారినట్టు హోరు, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక అల. లేచి కూసుంటె జర నయం. వంగి లేస్తె కండ్లకు బూడిదరంగు తెర అడ్డం దిగి, మెల్లగ పోతది. దూరం చూస్తె ఒక్కటి రెండయితుంది. గోడమీద పిల్లి రెండు పిల్లులై నడిచిపోతుంటె ఆమె నవ్వుకుంది గూడ. ఎవలకు చెప్పలే. చూపు పోతున్నదంటె జాకెట్లు ఇచ్చేటోళ్లు ఇంకో గడప తొక్కుతరని భయం. కుట్టుడు తప్ప ఆమెకు ఇంకో విద్య రాదు.

వాంతులు చూసి దుర్గవ్వ మురిసింది. "నెల తప్పిందేమోనే, ఈసారి పిలగాడే!"

"కాదత్తమ్మా, మొన్ననే ముట్టయిన."

"అయితె పైత్యం. రా, శొంఠి పట్టు వేస్త."

శొంఠి నొసలు మీద మండింది, లోపలికి మాత్రం పోలే.

ఒక పొద్దున స్వరూప వసార ఊడుస్తుంది. ఇస్తారి సాసర్ల చాయ ఊదుకుంట కూసున్నడు. ఆమె వంగింది, గుంజ కిర్రుమన్నది. లేచింది, ఆగింది. ఇస్తారి సాసరు కింద పెట్టిండు.

"బిడ్డా, జర మళ్ల వంగు."

కిర్రు.

"లెవ్వు. ఇగ దగ్గు."

"ఎందుకు మామా?"

"దగ్గమంటున్న గదా."

ఆమె దగ్గింది. కిర్రు, కిర్రు.

లోపలికెల్లి దుర్గవ్వ, "ఏందయ్యా, పొద్దుగాల్నే కోడలితోని కవాతు చేపిస్తున్నవ్?" అన్నది.

ఇస్తారి కట్టెను గోడకు ఆనిచ్చిండు. "కప్పుమీద బరువు లేదే. గీ పిల్ల నెత్తిల ఉన్నది. ఇన్నేండ్ల పనోన్ని, ఉత్తగ మీదికి చూసుకుంట కూసున్న."

"ధర్మపురి నర్సన్నకు మొక్కుదాం. మంగళారం పోదాం."

"మొక్కు ఎనుక. గుంజ మొత్తుకున్నంక కింద నిలబడరాదు. ఇయ్యాల్నే కరీంనగర్ పోతున్నం."

బస్సు కిటికీల గోదారి రెండు గోదార్లై పారింది. ఇసుకదిబ్బ మీద ప్రతి మనిషి పక్కపొంటి ఇంకో మనిషి నడుస్తుండు. ఒక్కరు గూడ ఒంటరిగ లేరు. స్వరూపకు భయంలనే అది ముద్దుగ అనిపించింది.

ఆసుపత్రిల కండ్ల డాక్టరమ్మ ఫర్హీన్ చిన్న వయసుది. స్వరూప కంట్లకు లైటు వేసి శానసేపు చూసింది.

"కంటి వెనుక నరం ఉబ్బింది అక్కా. పుర్రె ఎముక గదా, సాగదు. లోపల మెదడు, నెత్తురు, నీళ్లు ఉంటయి. నీళ్లు ఎక్కువైతె చోటు చాలక అన్నిటిని నొక్కుతయి. పండుకుంటె, వంగితె ఇంకా నొక్కుతయి. ఎన్ని దినాలసంది?"

ఇస్తారే చెప్పిండు: "పదకొండు దినాలు. గుంజ బెత్తెడు దిగింది."

"బెత్తెడా?" డాక్టరమ్మ కాయితం మీద 'గుంజ - బెత్తెడు' అని రాసి కింద గీత కొట్టింది. "అయితె ఇంకో నాలుగు దినాలు ఆగితె రెండు కండ్లు పోయేటియి. ఫికర్ చెయ్యకు, యాళ్లకు వచ్చిండ్రు."

నెత్తికి ఫొటో తీసిండ్రు. గడ్డ లేదన్నరు. స్వరూపను ఒక పక్కకు ముడుచుకొని పండుకోమని, ఎక్కువైన నీళ్లు తీసెతందుకు ఇంకో డాక్టరమ్మ వెన్నుల సన్న సూది పెట్టింది. తేటనీళ్లు ఒక్కొక్క చుక్క గాజుగొట్టంల పడుతున్నయి. తెరవతల నిలబడ్డ ఇస్తారికి దుర్గవ్వ ఫోన్ చేసింది.

"ఏమయ్యా, గుంజ లేస్తుంది! గీత కండ్లవడ్డది!"

ఆయన గదే మాట లోపలికి చెప్పిండు.

"ఇంకెంత లేవాలెనో చూసి చెప్పమనుండ్రి," అన్నది సూది పట్టిన డాక్టరు.

"రెండు వేళ్లంట."

చుక్కలు పడ్డయి.

"ఒక వేలు... మట్టసమైందంట."

డాక్టరు సూది తీసేసింది.

మూడోనాడు స్వరూప ఎత్తుమెత్తల మీద ఒరిగి కూసున్నది. మందులు ఏండ్లకేండ్లు మింగాలన్నరు, నెలనెలా కండ్లు చూపించుకోవాలన్నరు. మామ స్టూలు మీద కూసొని బత్తాయి ఒలుస్తుండు. తొమ్మిదేండ్ల సంసారంల ఆమె ఆయన పాదాలే చూసింది గని మొకం నిండుగ చూడలే. ఇయ్యాల చూసింది. ఎడమ కనుబొమ్మ మీద తోలు కింద బొగ్గు పొడి దిగి నీలంగ మారిన మచ్చ ఉన్నది.

"మామా, గదేం దెబ్బ?"

ఆయన బత్తాయి పక్కకు పెట్టిండు.

"మా జోడిదారు లచ్చయ్య పోయిననాటిది. ఆనాడు గూడ గుంజ పల్కింది బిడ్డా. ఇంకొక్క బొగ్గు టబ్బు నింపి పోదామని నేనే అన్న."

స్వరూప చూపు తిప్పుకోలే. మచ్చ ఒక్కటే ఉన్నది.