పాపం అంటే ఫౌలు

ఆ ఇంట్లో 'పాపం' అనే మాట నోరు జారిందంటే ఫౌలు. క్యారమ్స్‌లో స్ట్రైకర్ పాకెట్లో పడితే ఎలా ఫౌలో, ఇదీ అలాగే. గెలుచుకున్న కాయిన్లలోంచి ఒకటి బయటికి తీసి బోర్డు మధ్యలో పెట్టాలి. చేతిలో ఒక్కటీ లేకపోతే తర్వాత కొట్టబోయే కాయిన్ అయినా పెట్టాలి. ఆట ఆడని చుట్టాలు ఎవరైనా ఆ మాట అన్నారా, వాళ్ళు ఇక టీ సంగతి మర్చిపోవాల్సిందే.

ఈ చట్టం చేసింది అత్త. ఆవిడ కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పెళ్ళీ గిళ్ళీ నాకొద్దని తేల్చి చెప్పి అన్నావదినలతోనే ఉంటోంది. అన్నయ్య నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా నాలుక కూడా దేవుడు ఆవిడకే ఇచ్చాడని వదిన అంటూ ఉంటుంది. అన్నావదినలకి ఒక్కగానొక్క పిల్ల. బడిలోనూ వీధిలోనూ కూడా దాన్ని పిడుగు అనే పిలుస్తారు.

పిడుగుకి పసితనంలో ఒక జ్వరం వచ్చింది. పోతూపోతూ ఎడమకాలి సత్తువంతా పట్టుకుపోయింది. అప్పట్నుంచీ ఇంటికొచ్చిన ప్రతి మనిషీ గడప దాటగానే ముందు 'పాపం' అనడం, ఆ తర్వాతే కుర్చీ కోసం వెతుక్కోవడం. ఒకరోజు పిల్ల వచ్చి, "అత్తా, నా పేరు పాపమా?" అని అడిగింది. అత్తకి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే ఒక క్యారమ్ బోర్డు చంకన పెట్టుకొచ్చి, చట్టం కూడా ఆ పూటే చేసేసింది. ఆ చట్టం కింద ఎక్కువ కాయిన్లు పోగొట్టుకున్నది అన్నయ్యే. ఆయనకి ప్రతి రెండో మాటా అదే మరి.

అలా మొదలైన ఆట ఎక్కడిదాకా వెళ్ళిందంటే, ఈ ఏడాది బడిలో క్యారమ్స్ ఫైనల్‌కి పిడుగు వచ్చింది. ఎదుట కూర్చున్నది పై క్లాసు అబ్బాయి, పొడుగ్గా ఉంటాడని అందరూ జిరాఫీ అంటారు. వాడు మంచి ఆటగాడే, కాదనడానికి లేదు. మొదటి గేము వాడిది, రెండోది పిడుగుది. రెడ్ దక్కాలంటే దాని వెనకే ఇంకో కాయిన్ ఫాలోగా పడాలి. మూడో గేములో పిడుగు రెడ్ కొట్టి, దానికి ఫాలోగా అంచుకి అతుక్కుపోయి ఉన్న తెల్లకాయిన్‌ని గోడకి తగిలించి వెనక్కి లాగి పాకెట్లో వేసింది. దుకాణంలో పూట సెలవు పెట్టి వచ్చిన అత్త బెంచీ మీదికెక్కి ఈల వేసింది. అంపైరుగా కూర్చున్న డ్రిల్లు మాస్టారు, "ఈల నా దగ్గర ఉండాలండీ, మీ దగ్గర కాదు," అని నవ్వి పిడుగు చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

గెలిచినవాళ్ళు బడి తరఫున పెద్ద పోటీలకి వెళ్తారు. అవి వేరే ఊళ్ళో. ఒక్కో బడికి ఒక్కరికే చోటు. పిడుగు ఆ రాత్రే బట్టలు సర్దేసింది. బట్టల మధ్యలో స్ట్రైకర్‌ని జాగ్రత్తగా మేజోడులో చుట్టిపెట్టింది.

తర్వాత రెండు రోజులకి హెడ్మిస్ట్రెస్ కబురు పెట్టింది. అన్నయ్యకి పనిలో వీలుపడక అత్త వెళ్ళింది. ఆఫీసు గదిలో పెద్ద బల్ల, బల్ల వెనక ఆవిడ, మూలగా మెడలో ఈలతో డ్రిల్లు మాస్టారు. పిడుగు బయట వరండాలో చంకకర్ర పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా. మీ మేనకోడలు ఎంత బాగా ఆడిందో! మా అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి."

"పిల్ల గెలిస్తే కళ్ళనీళ్ళెందుకండీ?" అంది అత్త.

హెడ్మిస్ట్రెస్ ఆ మాట వినిపించుకోలేదు. "విషయం ఏంటంటేనమ్మా, పెద్ద పోటీలకి బస్సులో వెళ్ళాలి. ఆ మెట్లెక్కడం, దిగడం, రాత్రికి ఎక్కడో హాస్టల్లో పడుకోవడం... పాపం, ఆ పిల్లని అంత శ్రమ పెట్టడం ఎందుకని..."

అత్త చెయ్యి తనకి తెలియకుండానే బల్ల మీద కాయిన్ కోసం వెతికింది. "ఎందుకని?"

"ఫైనల్ ఆడిన ఆ అబ్బాయిని పంపుదామనుకున్నాం. వెళ్ళేవాళ్ళే ఫస్టు వచ్చినట్టు ఉండాలి కాబట్టి, ఫస్టు అతనికే ప్రకటిస్తాం. మీ అమ్మాయిని మాత్రం మర్చిపోతామా? ప్రత్యేక ప్రోత్సాహక బహుమతి ఇస్తున్నాం. కప్పు కంటే పెద్ద షీల్డు చేయించాం, చూస్తే మీరే సంతోషిస్తారు."

"గెలిచిందెవరండీ?"

"గెలుపోటములదేముందమ్మా, పాల్గొనడం ముఖ్యం."

"అలాగా! అయితే ఆ ముక్క ఆ అబ్బాయికి చెప్పండి. ఓడిపోయింది అతను. పాల్గొన్నాడుగా, సంతోషించమనండి. గెలిచినదాన్ని పట్టుకుని పాల్గొన్నావు చాలు పొమ్మంటారేంటి?"

"మీరు ఆవేశపడుతున్నారు. మేం దాని మంచికే..."

ఆవేశమట! అప్పటిదాకా అత్త ఇంకా మొదలే పెట్టలేదు. ఇక మొదలుపెట్టింది.

"మంచికా? దాని క్లాసు ఎక్కడుందో మీకు తెలుసా మేడమ్? రెండో అంతస్తులో. వర్షం పడితే ఆ మెట్లు జారతాయి. మా అన్నయ్య ఏటా వచ్చి, క్లాసు కిందికి మార్చండి మహాప్రభో అని అడుగుతున్నాడు. ఒక్కరి కోసం క్లాసంతా మార్చలేం, రూల్సు ఒప్పుకోవు అని ఏటా మీరే అన్నారు. ఆ మెట్లెక్కుతుంటే రాని జాలి, బస్సు మెట్టు అనేసరికి పొంగుకొచ్చిందా? రోజూ రెండంతస్తులు ఎక్కే పిల్ల బస్సెక్కలేదా? మీకు కావలసినప్పుడు దానికి కాలుంటుంది, మీకు అక్కర్లేనప్పుడు ఉండదు. అంతేగా!"

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు సవరించుకుంది.

"ఆ కళ్ళద్దాలు చేసిచ్చింది నేనే," అంది అత్త. "పవరు సరిగ్గానే ఉంది, నేను రెండుసార్లు చూశాను. అయినా మీకు కనబడాల్సింది కనబడట్లేదంటే అందులో మా దుకాణం తప్పేం లేదు. నోటితో పాపం పాపం అంటూ చేతుల్తో చేస్తున్నదీ పాపమే. ఎంత మూటగట్టుకుంటారో కట్టుకోండి. మాస్టారూ, అంపైరు మీరే కదా, మీరైనా చెప్పండి!"

డ్రిల్లు మాస్టారు మెడలో ఈలని ఎప్పుడూ చూడనట్టు చూసుకున్నాడు. "నిర్ణయం మేడమ్‌గారిదండీ," అని గొణిగాడు. మొన్న పిల్ల చెయ్యి పైకెత్తిన మనిషి ఇతనేనా అనిపించింది అత్తకి. ఇంత పెద్ద ఒడ్డూ పొడుగూ, లోపల వెన్నెముక ఎక్కడ పెట్టుకున్నాడో.

"నిర్ణయం అయిపోయిందమ్మా," అంది హెడ్మిస్ట్రెస్. "శనివారం బహుమతుల పండగకి అందరూ రండి."

బయటికొస్తే పిడుగు గోడ దగ్గరే ఉంది. తలుపు మూసి లేదు కాబట్టి మొత్తం వినే ఉంటుంది. ఇంటికెళ్ళి, సర్దిన సంచీలోంచి స్ట్రైకర్ తీసి, ఒక్కతే బోర్డు ముందు కూర్చుని టకటకా కొడుతూనే ఉంది.

అన్నయ్య పనినుంచి వచ్చి సంగతంతా విన్నాడు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "పోనీలేవే. పాపం, వాళ్ళూ మంచికే..."

"ఫౌలు!" అత్తా వదినా ఒకేసారి అరిచారు.

ఆయన అలవాటుగా డబ్బాలోంచి ఒక నల్లకాయిన్ తీసి బోర్డు మధ్యలో పెట్టాడు. మామూలుగా అయితే పిడుగు పకపకా నవ్వేది. ఇప్పుడు ఆ కాయిన్ వంకే చూస్తూ ఉండిపోయింది.

"శనివారం ఆ స్టేజీ మీదికెక్కి అందరి ముందూ కడిగిపారేస్తాను. ఆ షీల్డు వాళ్ళ నెత్తినే కొడతాను," అంది అత్త.

"నువ్వు అరవకత్తా," అంది పిడుగు.

"అరవకపోతే నాకు తిన్నది అరగదే!"

"అరక్కపోతే మానెయ్. ఆట నాది. బోర్డు మీద నువ్వు చెయ్యి పెట్టకూడదు."

"సరే, అరవను," అని మాట ఇచ్చింది అత్త. ఆ ఇంట్లో అదే పెద్ద వింత.

శనివారం బడి ఆవరణ నిండా కుర్చీలు, మైకులు, బెలూన్లు. రంగురంగుల గుడ్డ కట్టిన స్టేజీ, దానికి మళ్ళీ మెట్లే. ముందుగా జిరాఫీని పిలిచి ఫస్టు ప్రైజు ఇచ్చారు. ఫైనల్ చూసిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాడు కప్పు అందుకుని, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు ఇబ్బందిగా పట్టుకుని ఓ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత పిడుగుని పిలిచారు. ఇద్దరు టీచర్లు ఎత్తుకోవడానికన్నట్టు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి చంకకర్ర చూపించి తప్పుకోమంది పిడుగు. మెట్లన్నీ తనే ఎక్కి వెళ్ళింది.

హెడ్మిస్ట్రెస్ మైకందుకుంది. "ఈ చిన్నారిని చూడండి. మనం ఇలాంటివాళ్ళ మీద జాలి చూపించకూడదు. పాపం, ప్రోత్సహించాలి!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. అత్త తన చేతిసంచీ పట్టీని నోట్లో కుక్కుకుని గట్టిగా కొరికింది. మాట ఇచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజు స్టేజీ మిగిలేది కాదు.

"రెండు మాటలు మాట్లాడు తల్లీ," అని మైకు పిడుగు చేతికిచ్చి, ఇంకో చేత్తో షీల్డు అందించబోయింది హెడ్మిస్ట్రెస్. పిడుగు మైకు మాత్రం తీసుకుంది.

"మేడమ్, మీరు ఇప్పుడు 'పాపం' అన్నారు. మా ఇంట్లో అది ఫౌలు."

అందరూ నవ్వారు. హెడ్మిస్ట్రెస్ కూడా ముచ్చటగా నవ్వింది.

"క్యారమ్స్‌లో ఫౌలైతే, లోపల వేసుకున్న కాయిన్ తీసి మళ్ళీ బోర్డు మీద పెట్టాలి. మీరు నా ఫస్టు తీసేసుకున్నారు. అది పెట్టండి."

నవ్వులు ఆగిపోయాయి. ఎక్కడో ఒక బెలూను పేలింది, అయినా ఎవరూ అటు చూడలేదు. జిరాఫీ మెల్లిగా వెళ్ళి కప్పు బల్ల మీద పెట్టేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ మొహం ఎర్రబడింది. మాస్టారి వైపు వంగి చెవిలో ఏదో అంది. చెవిలో అనుకుంది గానీ, పిడుగు చేతిలో మైకు ఆవిడకి జానెడు దూరంలోనే ఉంది.

"ఇచ్చేద్దాం లెండి. పాపం, ఏడ్చేలా ఉంది."

ఆ మాట ఆవరణంతా వినపడింది. పిడుగు ఏడవడం లేదు. దాని ముక్కుపుటాలు మాత్రం అదురుతున్నాయి.

"రెండో ఫౌలు!" అంది. "ఏడుస్తానని ఇవ్వద్దు మేడమ్. నేను గెలిచాను, అందుకని ఇవ్వండి. రెండో ఫౌలుకి ఇంకోటి కూడా పెట్టాలి. మా క్లాసు కిందికి దించండి. నాన్న ఏటా అడుగుతున్నాడు, మీరు ఏటా రూల్సు అంటున్నారు. నాకు జాలి వద్దు. కింద గది కావాలి."

హెడ్మిస్ట్రెస్ షీల్డు అడ్డం పెట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఏ మాట తీస్తే ఇంకెంత పెట్టాల్సి వస్తుందోనని భయపడినట్టుంది.

పిడుగు డ్రిల్లు మాస్టారి వైపు తిరిగింది. "సార్, అంపైరు మీరే కదా. ఇవి ఫౌలా కాదా?"

అందరి కళ్ళూ ఆయన మీదే. ఆయన హెడ్మిస్ట్రెస్‌ని చూశాడు, బల్ల మీది కప్పుని చూశాడు, తను మొన్న పైకెత్తిన ఆ చిన్న చేతిని చూశాడు. ఉన్నట్టుండి ఈల నోట్లో పెట్టుకుని, పిల్లలు చెవులు మూసుకునేంత గట్టిగా ఊదాడు.

"ఫౌలే," అన్నాడు. "రెండూ ఫౌలే."

వెనక వరసల్లో పిల్లలు కుర్చీల మీదికెక్కి గోల గోల చేశారు. అత్త సంచీ పట్టీ ఉమ్మేసి, మాట తప్పి, ఈల వేసింది. అన్నయ్య మాత్రం కూర్చున్నచోటే తల దించుకుని, "ఏటా అడిగాను కదే, ఏటా అడిగాను," అంటూ వదిన చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

సోమవారం బెంచీలు కిందికి దిగాయి. దింపడానికి రూల్సేవీ అడ్డురాలేదు. అన్నాళ్ళూ అడ్డొచ్చింది ఏమిటో ఎవరూ చెప్పలేదు. పెద్ద పోటీలకి పిడుగే వెళ్ళింది, బస్సెక్కింది, దిగింది, హాస్టల్లో పడుకుంది. సెమీఫైనల్లో ఓడిపోయింది.

తిరిగొచ్చేసరికి మొహం ఉబ్బి ఉంది. చంకకర్ర మూలకి విసిరేసి మంచం మీద బోర్లా పడుకుంది. అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అత్తకి ఆ మాట గొంతుదాకా వచ్చింది. తను పెట్టిన చట్టమే, తనే తప్పేలా ఉంది. గుటుక్కున మింగేసింది.

"ఎలా ఓడావే?" అంది నడుం మీద చేతులు పెట్టుకుని.

"రెడ్ కొట్టాను. ఫాలో పడలేదు."

"ఫాలో చూసుకోకుండా రెడ్ ఎందుకు కొట్టావే? బుద్ధుందా? ఇన్నేళ్ళూ నేను నేర్పింది గాలికి పోయిందా? అంత దూరం వెళ్ళి ఇదా నువ్వు ఆడే ఆట?"

పిడుగు దిగ్గున లేచి కూర్చుంది. "ఫాలో ఉంది! మూలనే ఉంది! చెయ్యి ఒణికింది, అంతే!"

"ఎందుకు ఒణకాలి? నేర్చుకున్న చెయ్యి ఒణకదు. రా ఇలా."

అత్త బోర్డు దించి పౌడర్ చల్లింది. పిడుగు ముక్కు చీదుకుంటూ, పళ్ళు నూరుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇంట్లో ఎవ్వరూ ఆ మాట అనలేదు. అన్నయ్య రెడ్ తీసి మధ్యలో పెట్టాడు.

"ఊఁ, కొట్టు," అంది అత్త.