నెత్తికెత్తే చెయ్యి

హనుమకొండ బస్టాండులో జనగామ బస్సు కోసం నిలబడ్డ కట్టయ్యకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచడం లేదు. జేబుల్లో పెట్టాడు, తీశాడు. వెనక్కి కట్టుకున్నాడు. యార్డులో హాజరు పిలిచేటప్పుడు అలాగే నిలబడేవాళ్ళమని గుర్తొచ్చి గబుక్కున విప్పేశాడు.

కేసముద్రం మార్కెట్ యార్డులో పన్నెండేళ్ళు మోతకట్టు మనిషిగా బతికాడు అతను. మోతకట్టు చట్టం వచ్చిన నాటి నుంచి ఇక్కడ బరువెత్తడం కట్టులో ఉన్నవాళ్ళ పని. వాళ్ళు యార్డు సొత్తు. వాళ్ళకు పుట్టిన పిల్లలూ యార్డు సొత్తే. కూలి ఉండదు, గేటు దాటే హక్కు ఉండదు. రఘునాథపల్లి అవతలి చెక్‌పోస్టు దాటితే మాత్రం ఆ కట్టు చెల్లదు. నిన్న పత్తి బేళ్ళ నడుమ దాక్కుని లారీలో బయటపడ్డ కట్టయ్యకు ఇంక మిగిలింది ఈ బస్సు ప్రయాణమే.

ఒంటి మీద ఉన్న నిండు చేతుల చొక్కా గోనెసంచుల వ్యాపారి సారంగపాణిది. ఊరికే ఇవ్వలేదు ఆయన, ఇస్త్రీ చేసి ఇచ్చాడు. మణికట్టు మీద యార్డు కడియం ఒరిసిన మచ్చ కనబడకుండా గుండీ తానే పెట్టాడు.

"గుర్తింపు కార్డు ఎవడన్నా చేసిస్తడు కట్టయ్యా. కావలోళ్ళు కార్డు చూడరు, నిన్ను చూస్తరు. బరువు కండ్లవడంగనే మెడ వంగుతది చూడు, దాన్ని పడతరు. పైలం."

అందుకే బస్టాండులో ఎవరూ ఏదీ ఎత్తడం లేదు. పెట్టెలు, సంచులు, గంపలు అన్నీ నేల మీద ఈడ్చుకుంటూ పోతున్నారు. ఆ గరగర కట్టయ్య పళ్ళలోకి దిగుతోంది. అతని చిన్నప్పుడు బాట మీద ఎవరైనా మూట దించి నిలబడి "జర నెత్తికెత్తున్రి" అంటే చాలు, పోయేవాళ్ళు ఎవరైనా ఆగేవారు. పేరు అడిగేవారు కాదు. ఇప్పుడు ఎత్తినవాణ్ణి నిలేసి అడుగుతారు. ఆ భయానికి మంచివాళ్ళు కూడా తల తిప్పుకోవడం నేర్చుకున్నారు.

ప్లాట్‌ఫారం చివర కావలి మనిషి హరికృష్ణ వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. పొట్టు ఊదుతూనే జనం మెడల వైపు చూస్తున్నాడు.

పల్లెవెలుగు వచ్చి ఆగింది. జనం ఎగబడ్డారు. కట్టయ్య ముందు ఒక ముసలమ్మ జొన్నల మూటను మెట్టు దాకా ఈడ్చుకొచ్చింది. మూట మెట్టెక్కలేదు. ఆమె వెనక్కి తిరిగింది.

"జర చెయ్యెయ్యున్రయ్యా. ముసల్దాన్ని."

ఒకతను ఫోను తీశాడు. ఒకామె పిల్లకు జడ సరిచేయసాగింది. డ్రైవరు హారను కొట్టాడు.

"ఓ మొగిలవ్వా, ఎక్కుతవా, మూటకు మొక్కుకుంట ఆడనే ఉంటవా?" కండక్టరు అరిచాడు. ఆమె ఎప్పుడూ పోయే బస్సే కాబోలు.

"నువ్వు దిగి పట్టరాదుర, నీ నోరు పడ!"

కట్టయ్య అనుకోలేదు. చెయ్యే ముందు పోయింది. ఎడమ చెయ్యి మూట మూలను మెలిపెట్టి పట్టింది, కుడి మోకాలు కిందికి చేరింది, మెడ ఒక పక్కకు ఒరిగింది. మూట మోకాలి మీదికి పిట్టలా లేచింది. పన్నెండేళ్ళ అలవాటు. ముసలమ్మ రెండో కొస పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు అతని చేతి మీద పడ్డాయి, అక్కణ్ణుంచి మోకాలి మీదికి, మెడ మీదికి పోయాయి.

వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

ఆమె తన కొసను ఒక్క గుంజు గుంజి వదిలేసింది. మూట తిరగబడి మెట్టు అంచుకు తగిలింది. కుట్టు తెగి జొన్నలు బొలబొలమని కారిపోయాయి.

"అయ్యో అయ్యో! పట్టుడు రానోనివి ఎందుకు పడితివిర?" ఆమె గొంతు బస్టాండంతా మోగింది. "మొగోడంటే మొగోడు! పలక తప్ప పలుగు పట్టిన చెయ్యేనా ఇది? నా అక్క పెట్టిన జొన్నలు మట్టిపాలాయె!"

హరికృష్ణ దగ్గరికి వచ్చాడు.

"ఏం పని చేస్తవన్నా?"

"జిరాక్సు..." అన్నాడు కట్టయ్య. సారంగపాణి నేర్పిన మాట అదొక్కటే నోటికొచ్చింది.

"చూస్తే తెలుస్తలేదా సారూ? కాయితం మోస్తనే కందిపోతడు!" ముసలమ్మ అందుకుంది. "నాకే దొరకాల్నా ఈ అక్కెరకు రానోడు!"

జనం నవ్వారు. హరికృష్ణ కూడా నవ్వాడు. "పోనీయే అవ్వా, పాపం, బాబు చేతులు నొస్తయి" అంటూ మళ్ళీ తన బల్ల దగ్గరికి పోయాడు.

సగం జొన్నలు అక్కడే జనం కాళ్ళ కింద ఉండిపోయాయి. మిగిలిన సగాన్ని ముడేసి, తిట్టుకుంటూ ఆమే బస్సులోకి లాక్కుంది. కట్టయ్యను రెక్క పట్టి తన పక్కన కూలేసింది. కాజీపేట దాకా తిట్లు ఆపలేదు. మడికొండ దాటాక ముందు సీట్లవాళ్ళు కునికిపాట్లు పడుతుంటే గొంతు తగ్గించింది.

"యాడి యార్డు బిడ్డా?"

కట్టయ్య చొక్కా చేతిని మణికట్టు మీదికి లాక్కున్నాడు.

"నా పెనిమిటి ఇరవై ఏండ్లు మోసిండు. ఈ చట్టం రాకముందు, కూలికి. మూట మూల మెలేసుడు నాకు తెల్వదా?"

"కావాల్ననే ఇడిసినవా అవ్వా?"

"మరేం జెయ్యాలె? నువ్వు ముద్దుగ లేపితివి. ఆ కావలోడు గంత ముద్దుగనే చూస్తాండు."

అతనికి ఏడుపు వచ్చింది. కిటికీ వైపు తిరిగాడు. ఆమె కొంగున కట్టుకున్న బెల్లం ముక్క కొరికి, సగం అతని చేతిలో పెట్టి, "తిను. తిట్టి తిట్టి నాకే నోరెండింది" అంది.

రఘునాథపల్లిలో బస్సు ఆగింది. ఆమె లేచి మూటను తలుపు వైపు ఈడ్చింది. కట్టయ్య లేవబోయాడు.

"కూసో." ఆమె వెనక్కి చూడకుండానే అంది. "నువ్వు లేస్తే ఆ పోయిన జొన్నలు దండుగ."

కట్టయ్య కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని మీద బరువంతా వేశాడు. కిటికీలోంచి చూస్తే ఆమె రోడ్డు పక్కన మూట దించి, చీర కొంగు చుట్ట చుట్టి తల మీద పెట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను పిలుస్తోంది. ఒక సైకిలాయన వేగం తగ్గించాడు. కాలు కింద పెట్టాడో లేదో, బస్సు మలుపు తిరిగింది.

చెక్‌పోస్టు గేటు లేచే ఉంది. అక్కడి మనిషి చాయ్ గ్లాసుతోనే పొమ్మని చెయ్యూపాడు. అంతే. బస్సు దాటిపోయింది.

కట్టయ్య లేచి నిలబడి వెనక అద్దంలోంచి చూశాడు. రోడ్డు, దుమ్ము.

"దిగుతవా అన్నా?" కండక్టరు అడిగాడు.

"లేదు."

"మరి కూసోరాదు? సీట్లన్నీ ఖాళీగనే ఉన్నయి."

కట్టయ్య కడ్డీ పట్టుకుని వెనక్కే చూస్తూ నిలబడ్డాడు. జనగామ వచ్చేదాకా కూర్చోలేదు.