మచ్చలేని అతుకు

టెక్కలిలో నేను ఫిజిక్సు చెప్పే కాలేజీలో నా పరిశోధన ఏమిటని అడిగినవాళ్లు లేరు. పొరపాటున అడిగినా రెండో వాక్యానికే గడియారం చూసుకునేవాళ్లు. అతికిన ఇనుప గొట్టంలోకి తీగచుట్ట జొనిపి కరెంటు పంపితే లోహంలో విద్యుత్తు సుడులు తిరుగుతుంది. లోపం ఎదురైతే ఆ సుడి పక్కకు మళ్లుతుంది. అప్పుడు మీటరు ఎలాంటి గీత గీస్తుందో ముందుగానే కంప్యూటర్లో లెక్కగట్టాలి. నా పీహెచ్‌డీ ఇంతే.

ఆ ఇంతే 2003లో ఎనిమిది నెలలు నన్ను తినేసింది. విశాఖ ల్యాబులో కొలిచిన గీత ఒకచోట ఎగిరిపడేది. నా లెక్క అక్కడ చదునుగా పోయేది. గొట్టం అతికింది పలాస వెల్డరు వరహాలు. అక్కడి జీడి ఫ్యాక్టరీల వాళ్లు బాయిలర్ కారితే ముందు ఆయన్నే పిలిచేవారు. అలాంటి చేతిని అనుమానిస్తే ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుందని, తప్పు నా లెక్క మీదే వేసుకున్నాను. నెలాఖరుకి గీతలు కలవకపోతే అంశం మార్చుకోమని గైడు తేల్చేశాడు.

ప్రతి శనివారం బస్సెక్కి పలాసలో వరహాలు షెడ్డుకి వెళ్లేదాన్ని. ఏ రాడ్డు వాడాడో, ఎంత వేడి పెట్టాడో అడిగి, వచ్చి అంకెలు మార్చుకునేదాన్ని. భార్య పోయాక ఆయన ఆ షెడ్డులోనే వండుకు తినేవాడు. టీ పోసి, "లెక్క తేలిందేటి, పంతులమ్మా?" అనేవాడు. నన్ను ఆ మాట అడిగే మనిషి ఆయనొక్కడే. నిజం చెప్పాలంటే వారమంతా ఆ మాట కోసమే ఎదురుచూసేదాన్ని.

ఒక శుక్రవారం విసుగుపుట్టి, లెక్కలో అతుకు లోపల ఆవగింజంత బొక్క పెట్టి చూశాను. రెండు గీతలూ ఒకటైపోయాయి.

మర్నాడు గొట్టం పట్టుకెళ్లి, "బాబాయ్, ఇక్కడ కోసి చూపించు," అన్నాను.

ఆయన గొట్టాన్ని బల్లకు బిగించాడు. రంపం తీశాడు గానీ కొయ్యలేదు.

"కొయ్యక్కర్లేదమ్మా. నోపల బొక్కుంది. అతికిన్నాడే తెల్సు నాకు."

"ఎనిమిది నెలల్నుంచి తెలిసీ చెప్పలేదా?"

"ముందర సిగ్గేసింది. తర్వాత, సెప్పీత్తే నువ్వు మరి రావు గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. గొట్టం ఊడదీసుకుని బస్సెక్కేశాను.

నా లెక్క మొదటినుంచీ సరైనదే. కిటికీ పక్కన కూర్చున్నాక ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఎంత వెతికినా వరహాలు తప్ప మరొకరు గుర్తురాలేదు. దారిమధ్య నందిగాంలో దిగి, రోడ్డు దాటి, పలాస బస్సు కోసం నిలబడ్డాను.