పెద్దమనిషి కుర్చీ

నేను ఒక టేకు కుర్చీని. మండపేటలో వెల్డింగు షాపు నడిపే తోలేటి గంగరాజు మీద నాకు కోపం. ఎవరేమనుకున్నా సరే, చెప్పే తీరతాను.

నన్ను మొదట కొన్నది ఊరి పెద్దమనిషి కామేశం గారు. మొగుడూపెళ్ళాల తగువులన్నీ ఆయన నాలో కూర్చునే తెంపేవారు. తప్పెవరిదో ఇట్టే తేలిపోయేది. ఆడదానిదని తేలడానికైతే ఇంకా తక్కువసేపు పట్టేది. తీర్పు విన్నాక ఇద్దరూ ఒకే బండెక్కేవారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. దాన్నే సర్దుబాటు అనేవారు.

ఆయన పోయాక పాత సామాన్ల కొట్లో దుమ్ము తిన్నాను. అక్కణ్ణించి సుభాషిణి గారు తెచ్చి తన కౌన్సెలింగ్ గదిలో వేసుకున్నారు. మనసు బాగోలేనివాళ్ళూ, కాపురం నలిగినవాళ్ళూ వచ్చి మాట్లాడుకునే గది అది.

గంగరాజు పెళ్ళాం మంగతాయారు అన్నగారింటికి వెళ్ళిపోయింది. "ఆ మేడం దగ్గరికొచ్చి మీ నోటితో మీరు మాటాడితేనే తిరిగొస్తాను, లేకపోతే లేదు" అని కబురు పెట్టింది. గంగరాజుకి అది పంచాయితీలా వినబడింది. మేనమామ చిట్టబ్బాయిని వెంటేసుకొచ్చాడు.

చిట్టబ్బాయి తిన్నగా వచ్చి నాలో కూర్చున్నాడు.

"ఏవమ్మా డాట్రమ్మా, మావోడికి తాగుడా, పేకాటా? ఏ ఎదవ అలవాటూ లేదు. తప్పు అమ్మాయిదే. తెంపెయ్యండి, ఎళ్ళిపోతాం."

"బాబాయిగారూ, ఆయనకీ నోరుందండి" అంది అప్పటికే వచ్చి ఎదురుగా కూర్చున్న మంగతాయారు.

నిజం చెబుతున్నా, నా ఒళ్ళు పులకరించింది. ఎన్నాళ్ళకు తీర్పు! కానీ సుభాషిణి గారు, "ఇక్కడ తప్పులు తేల్చమండీ. మీరు కాస్త బయట కూర్చోండి" అన్నారు.

"పెద్దోణ్ణి బయటికి పొమ్మనే పంచాయితీ ఎక్కడా చూళ్ళేదు!" అని గొణుక్కుంటూ పోయాడాయన.

ఇక గంగరాజు కూర్చోక తప్పలేదు. నా చేతులు విరిగేలా పట్టుకున్నాడు. "నేనేం పిచ్చోణ్ణి కాదండి."

"పిచ్చోరని ఎవరన్నారు? పాప పోయిన రోజు షాపెందుకు తెరిచారో చెప్పండి. నాకింకేం అక్కర్లేదు" అంది మంగతాయారు. పాప పురిట్లోనే పోయిందట.

గంగరాజు తలుపు వైపు చూశాడు. మేనమామ లేడు. పెళ్ళాం వైపు తిరిగాడు.

"వెల్డింగు ముసుగేసుకుంటే మొకం ఎవరికీ కనపడదు కదా తాయారూ. ఆ రోజంతా ఒక్క గేటుకే అతుకెట్టేను. అతికిందే మళ్ళీ అతికేను. ఏడుద్దారనే ఎళ్ళేను."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఆ ముసుగేదో నాకూ ఓటి తెచ్చిపెట్టాల్సిందండి" అంది.

తర్వాత వారం ఇద్దరూ ఇంటినుంచే మోపెడ్ మీద వచ్చారు. గంగరాజు నాలో కూర్చోనన్నాడు. "ఇందులో కూకుంటే మా మావయ్య మాటలే నోటికొచ్చేత్తన్నాయండి" అంటూ నన్నెత్తి వరండాలో పడేశాడు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పెళ్ళానికి ఎదురుగా కూర్చున్నాడు. సుభాషిణి గారు ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

ఈ వరండాలో నా మీద వానజల్లు కొడుతోంది, కొట్టనీ. తీర్పులు మోశానని సిగ్గుపడను. అవి చెప్పింది నేనా? ఆ మగాడి చెమట చేతులకు ఆ పూట ఆసరా అయింది నేను, ప్లాస్టిక్కు కాదు. వాడి కాపురం నిలబడితే నిలబడనీ, అందుకు నేను తల వంచాలంటే కుదరదు. నాకు పోయింది ఆ గదిలో రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు నేల. మొత్తం అయిదు చదరపు అడుగులు.