ఇరవయ్యో నాణెం

నాణేన్ని చంకలో పెట్టుకుని అతను ఆసుపత్రి వరండాలో టీ యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. మోచేతిని ఒంటికి అదిమి పట్టుకోవడంతో చెయ్యి విరిగి కట్టు కోసం వచ్చినవాడిలా కనిపిస్తున్నాడు. ఒక నర్సు ఆగి, "ఎముకల డాక్టరుగారు పై అంతస్తులో ఉంటారండీ," అని చెప్పి కూడా వెళ్లింది. అతను తలూపాడు. అయిదు నిమిషాలు గడిచాక వెచ్చబడ్డ నాణేన్ని తీసి యంత్రం చీలికలో వేశాడు. అది లోపల దొర్లి, టక్కుమని ఆగి, కింది గిన్నెలోకి తిరిగొచ్చి పడింది. పచ్చదీపం వెలిగింది. అతను చేతిలో ఉన్న అట్టముక్క మీద ఒక గీత గీసి, నాణేన్ని ఈసారి ఫ్లాస్కులోని మంచుముక్కల మధ్య వేశాడు.

ఆ యంత్రం పెట్టిన కంపెనీకి ఊళ్లో అలాంటివి ముప్పై ఆరు ఉన్నాయి. నాణెం వేసి మీట నొక్కితే టీయో, బిస్కెట్లో ఇస్తాయి. వాటికి నాణేలు నేర్పేది ఇతనొక్కడే, ఇరవై ఎనిమిదేళ్లుగా. ప్యాంటు జేబులో ఎప్పుడూ చిల్లర మోగుతుంటుంది కనుక కంపెనీలో అందరూ అతన్ని 'గలగల' అంటారు. నోట్లోంచి మాత్రం రోజుకు పది మాటలు రావు. నేల మీద నాణెం పడితే తల తిప్పకుండానే అది ఏ నాణెమో, కొత్తదో అరిగినదో చెప్పేస్తాడు. ఈ విద్యను ఇంతవరకు మెచ్చుకున్నవాళ్లు లేరు. "చిల్లర పడితే వినబడుతుంది, పెళ్లాం పిలిస్తే వినబడదు," అంటుంది ఇంట్లో ఆవిడ.

ఒకటో తేదీ నుంచి పెద్ద నాణెం మారుతోంది. కొత్తది వెంట్రుకవాసి పలచన, బరువు కాస్త తక్కువ, అంచు చుట్టూ గాట్లు. మనిషి చూడగానే పోల్చుకుంటాడు. యంత్రం అలా కాదు, నేర్పకపోతే ఉమ్మేస్తుంది. నేర్పడం కోసమే టంకశాల కంపెనీకి ఇరవై నమూనాలు పంపింది. ఒకే అచ్చులోంచి వచ్చినా ఏ రెండు నాణేలూ అచ్చంగా ఒకటి కావు. ఇరవైనీ చూస్తేనే యంత్రానికి ఆ జాతి తెలుస్తుంది. మేనేజరు వాటిలో పందొమ్మిదింటిని నల్ల మఖమలు పెట్టెలో పేర్పించి తన గదిలో అద్దాల బీరువాలో పెట్టించాడు. మిగిలినదాన్ని సంతకం తీసుకుని గలగల చేతిలో పెట్టాడు.

"ఒక్కటేనా సార్?"

"ఏం, చాలదా? దాన్నే ఇరవైసార్లు వెయ్యి."

"ఒక్క మనిషిని చూపించి ఊరందర్నీ గుర్తుపట్టమన్నట్టుంటుంది సార్."

మేనేజరు నవ్వలేదు. "చూడవయ్యా, నాణేలు ఎత్తేసి కార్డులు పెడదామని పైవాళ్లు ఒకటే గోల. ఒకటో తేదీన ముప్పై ఆరూ కొత్త నాణెం తీసుకున్నాయనుకో, నీ ఉద్యోగానికి నాదీ పూచీ. ఒక్కటి ఉమ్మినా నేనేం చెయ్యలేను."

యాభై ఏడేళ్లు నిండాయి. వేరే పని రాదు. ఈ పని కూడా ఈ యంత్రాలున్నంతవరకే పని. అందుకని గలగల ఒక్క నాణేన్నే ఇరవై నాణేలు చేశాడు. చంకలో వెచ్చబెట్టి ఒకసారి, మంచులో ముంచి ఒకసారి, తడిదాన్ని, పొడిదాన్ని, నూనె పూసి, బూడిద రుద్ది, బొమ్మవైపు, అంకెవైపు. వేసిన ప్రతిసారీ యంత్రానికి అది ఇంకో నాణెంలా తోస్తుంది. పది నిమిషాల్లో అయ్యే పని ఒక్కో యంత్రానికి గంటకు పైగా పట్టింది. తొమ్మిది రోజుల్లో ముప్పై నాలుగు అయ్యాయి. ఇక మిగిలినవి ఇది, బస్‌స్టాండుది.

"ఎలాగూ ఆసుపత్రికేగా వెళ్తున్నారు," అంది పొద్దున ఆవిడ, అతని చెప్పులు ఇవ్వకుండా పట్టుకుని మరీ. "ఓపీ చీటీ రాయించుకుని ఆ ఆయాసమేదో చూపించుకోండి. నాలుగు మెట్లెక్కితే కుక్కలా రొప్పుతున్నారు."

"సరేలేవే."

చీటీలిచ్చే కిటికీ యంత్రానికి పదడుగుల దూరంలోనే ఉంది. పదకొండింటికి మూస్తారు. కిటికీ తలుపు పడేసరికి అతను పద్నాలుగో గీత దగ్గరున్నాడు. ఆ చప్పుడు విన్నాడు కూడా. రేపటినుంచి తీరికే కదా, రేపు వద్దాం అనుకున్నాడు.

బస్‌స్టాండు యంత్రంలో ఒక స్ప్రింగు సాగిపోయింది. కొత్తది తీసుకుందామని మధ్యాహ్నం కంపెనీ స్టోరుకు వెళ్లాడు. స్ప్రింగుల అరలో చెయ్యి పెడితే బరువైన అట్టపెట్టె తగిలింది. మూత తీశాడు. మెరుస్తున్న స్టీలు పలకలు, నాలుగు మూలలా మేకు కంతలు. ఒకదాన్ని చేతిలోకి తీసుకోగానే కొలత తెలిసిపోయింది.

"ఇవేంటమ్మా?"

స్టోరు చూసే ఆవిడ రిజిస్టరులోంచి తలెత్తింది. "కార్డులు పెడుతున్నారుగా, నాణెం వేసే చీలిక మూసే పలకలన్నా. రేప్పొద్దున బస్‌స్టాండుతో మొదలుపెడతారంట. మీకు చెప్పలేదా?"

"ఎప్పుడొచ్చాయి?"

"నెల దాటింది."

అంటే నమూనాలు రాకముందే. అన్నిటికీ పలకలు బిగించడానికి పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ యంత్రాలు ఆగకుండా ఉండటానికి ఇతన్ని ఊరించి పని చేయించుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి పిలవకుండా మేనేజరు గది దాకా వెళ్లాడు. తలుపు అద్దంలోంచి చూస్తే, ఆయన ఎవరో అతిథులకు మఖమలు పెట్టె తెరిచి చూపిస్తున్నాడు. అతిథులు తలలూపుతున్నారు. గలగల గొంతు నిండా తిట్లున్నాయి, ఏది ముందు బయటికి తీయాలో తెలియలేదు. అలవాటు లేని పని. స్ప్రింగు జేబులో వేసుకుని బస్సెక్కాడు.

రేపు మూసేసే నోటికి ఇవాళ పాఠమేమిటని దారిపొడుగునా అనుకుంటూనే ఉన్నాడు. ఇంటికి పోయి పడుకోవచ్చు. అడిగేవాడు లేడు. కానీ ముప్పై అయిదు నేర్చుకుని ఒక్కటి మొద్దులా మిగిలిపోవడం అతనికి నచ్చలేదు. మేనేజరు మాట తప్పితే తప్పనీ, తన లెక్కలో బస్‌స్టాండు యంత్రం చేసిన తప్పేం లేదు. స్ప్రింగు మార్చాడు. డబ్బాలోని నాణేలు సంచిలోకి వంపి, కాగితం మీద 'డబ్బా ఖాళీ' అని రాసి, సంతకం పెట్టి, యంత్రానికి అంటించాడు. తర్వాత చంక, మంచు, నూనె, బూడిద. వంగి లేచినప్పుడల్లా ఊపిరి అందక యంత్రానికి చెయ్యి ఆనించుకున్నాడు. అట్ట మీద ఇరవై గీతలూ పూర్తయ్యాయి.

పాఠం చెప్పేటప్పుడు నాణెం గిన్నెలోకి తిరిగొస్తుంది. అమ్మకానికి తిప్పాక ఇక రాదు, డబ్బాలోకి పోతుంది. నమూనాను అలా వెయ్యకూడదు, తిరిగి అప్పగించాలి. అతను యంత్రాన్ని అమ్మకానికి తిప్పి, తలుపు తాళం వేసి, నమూనాను చీలికలో వదిలేశాడు. ఉద్యోగంలో అతను చేసిన అడ్డగోలు పని అదొక్కటే. ఖాళీ డబ్బాలో అది ఖణేల్‌మంది. కప్పు దిగింది, టీ నిండింది. యంత్రాల లోపల ఏముందో తెలిసినవాడు కనుక ఇన్నేళ్లలో వాటి టీ ఎప్పుడూ ముట్టలేదు. ఇవాళ కప్పు తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"కాళ్లు కాస్త పైకి పెట్టుకోండి," అంది ఊడ్చే ఆమె. అతను పెట్టుకోలేదు. ఆమె బెంచీ చుట్టూ ఊడ్చుకుంటూ పోయి, ఆ చివరినుంచి మళ్లీ వచ్చి, ఇంకోసారి చెప్పింది. మూడోసారి వంగి మొహంలోకి చూసింది. వేళ్ల మధ్య కప్పు నిండుగానే ఉంది. టీ మీద తొరక కట్టింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చి, కాగితం మీద 'డబ్బా ఖాళీ' అన్న మాట చూసి, యంత్రం తలుపు తెరవకుండానే పలక బిగించి వెళ్లారు. ఒకటో తేదీ వచ్చింది. పలకలు ఇంకా పడని యంత్రాల్లో జనం కొత్త నాణేలు వేశారు. ఒక్కటి కూడా ఉమ్మలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

ఆ వారంలోనే మేనేజరు గలగల ఇంటికి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "ఇలాంటప్పుడు అడగకూడదమ్మా, కానీ టంకశాలకి ఇరవైనీ తిరిగి పంపాలి. ఒకటి ఆయన సంతకం మీద ఉంది," అన్నాడు.

ఆవిడ ఆసుపత్రివాళ్లిచ్చిన కవరు తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. తాళాలగుత్తి, బస్సుపాసు, గీతలు గీసిన అట్టముక్క, గుప్పెడు చిల్లర. మేనేజరు ఒక్కో నాణేన్నీ వెలుతురులో తిప్పి చూశాడు. దొరకలేదు.

"పందొమ్మిది మీ దగ్గరే ఉన్నాయటగా," అంది ఆవిడ. "ఆ ఒక్కటీ ఆయనతోనే పోయిందని రాసుకోండి. ఓపీ చీటీ రాయించుకోవడానికి కూడా తీరిక లేకుండా దాన్ని మోసుకు తిరిగారు."

మేనేజరు అలాగే రాసుకున్నాడు. తాళాలగుత్తి మాత్రం అడిగి తీసుకెళ్లాడు.

బస్‌స్టాండులో జనం కార్డు ఆనించి టీ తీసుకుంటున్నారు. కొత్త పలక వెనక, చీకటి డబ్బా అడుగున, ఒక నాణెం బొమ్మవైపు పైకి పడి ఉంది. దాని అంచు గాట్లలో ఇంకా కాస్త బూడిద ఉంది.