పద్నాలుగు పెట్టెల రైలు

మధ్యాహ్నం ఒంటిగంటా పదికి ఇన్‌స్పెక్టరు పిల్లల డే కేర్‌లో ఫైర్ అలారం మోగించాడు. మంట లేదు, తనిఖీ. పద్నాలుగు మంది పిల్లలు నిద్రలో ఉన్నారు.

డే కేర్ నడిపేది పెద్దమ్మ. పిల్లలే కాదు, వాళ్ల తల్లిదండ్రులూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. అలారం మోగిన నాలుగు నిమిషాల్లో అందరూ వీధి గేటు దాటాలన్నది నిబంధన. కిందటి నెల ఆరు నిమిషాలు పట్టింది. కారణం చెప్పులు. ఆవిడ తోడికోడలు ఎవరి జత వాళ్లకు వెతికి తొడిగింది. "కాళ్లు కాలతాయి కదండీ" అని ఇన్‌స్పెక్టరుకే చెప్పింది. ఈసారి తప్పితే లైసెన్సు రద్దవుతుంది.

"ఈయనకి పిల్లలు పడుకునే టైమే దొరికిందా అక్కా?" అంది తోడికోడలు.

"చెప్పుల జోలికి వెళ్లావో, నీ సంగతి చెప్తా" అంది పెద్దమ్మ. తర్వాత గదిలోకి తిరిగి, "రైలు వెళ్లిపోతోందర్రా" అంది.

నెల రోజులుగా రోజూ రెండుసార్లు ఆడిస్తున్న ఆట అది. ముందున్నవాళ్ల చొక్కా పట్టుకోవాలి. ఎవరైనా ఒంటరిగా నిలబడి కనిపిస్తే చెయ్యి పట్టి లాక్కురావాలి.

ముగ్గురు కళ్లు తెరవకుండానే లేచారు. ఒక పిల్ల దుప్పటితో సహా వచ్చి వరుసలో చేరింది. నడక రాని ఇద్దరినీ తోడికోడలు చెరో చంకనా వేసుకుంది.

గేటు బయట పెద్దమ్మ లెక్కపెట్టింది. పదమూడు. మళ్లీ లెక్కపెట్టింది. పదమూడే. లేనివాడు పిడుగు. మూడేళ్లవాడు, చెప్పింది చెవికెక్కించుకోని రకం.

వెనక్కి పరుగెత్తబోతే వరండాలో ఇన్‌స్పెక్టరు కనిపించాడు. ఆయన ఒక చేతిలో స్టాప్‌వాచీ ఉంది. రెండో చేతి చూపుడువేలు పిడుగు గుప్పిట్లో ఉంది. వాడు లాగుతున్నాడు, ఆయన వస్తున్నాడు.

"నేను చూసి పోవడానికి వచ్చినవాణ్ణిరా బాబూ."

"రైలు వెళ్లిపోతుంది తాతా. తొందరగా నడువు."

తోడికోడలు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

ఇద్దరూ గేటు దాటాక ఇన్‌స్పెక్టరు స్టాప్‌వాచీ ఆపాడు. మూడు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. అంకెలు పెద్దమ్మకు కనిపించేలా తిప్పి చూపించాడు.

"బాగా నేర్పారమ్మా" అన్నాడు.

"నేర్చుకున్నది వాళ్లండీ" అంది పెద్దమ్మ.

తనిఖీ కాగితంలో ఆయన 'పిల్లలు పద్నాలుగు, పెద్దలు ఇద్దరు' అని రాశాడు. 'ఇద్దరు' కొట్టేసి 'ముగ్గురు' చేశాడు. ఒంటిగంటా ఇరవై రెండుకు సంతకం పెట్టాడు. లైసెన్సుకు ఇంకో రెండేళ్ల గడువు దొరికింది.