వేలి మీది సిరా చుక్క

బోదకాలు రాకుండా మాత్రలు పంచే పని నాది. ఎదుట నిలబడి మింగించి, వేలికి సిరా చుక్క పెట్టాలి. పంపేటప్పుడు డాక్టరమ్మ రెండు ముక్కలు చెప్పింది: ఎవరినీ బలవంతపెట్టకు, వీధిలో ఒక్కరినీ వదలకు. ఒంట్లో పురుగున్న మనిషి పైకి బాగానే ఉంటాడట, దోమ అతణ్ణి కుట్టి ఆ జబ్బును పక్కింటికి మోస్తుందట. మరి వద్దన్నవాళ్లను ఏం చేయాలో అడిగేలోపే ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఐదో గుమ్మంలో బట్టలు కుట్టే కోడలు మిషను ఆపి, "నాకొద్దక్కా" అంది.

"ఎందుకమ్మా?"

"ఊరికే."

"మాత్రకే ఇంత బెట్టా? మింగవే" అంది పక్కనున్న అత్త.

ఎదురింటి వడ్రంగి తాత చేతిలోని మాత్రలు తిరిగి నా డబ్బాలో పోశాడు. "చదువుకున్న పిల్లే వద్దంటే వేలిముద్రగాణ్ణి నాకెందుకు తల్లీ? నావి పుల్లల్లాంటి కాళ్లు. కాస్త వాచినా అందమే."

నవ్వుతూనే ఆయన వెనక నిలబడ్డ నలుగురూ చేతులు ముడుచుకున్నారు.

కోడల్ని లోపలి గదిలోకి తీసుకెళ్లాను. "కడుపుతో ఉంటే ఇవ్వం. అదైతే చెప్పు, పుస్తకంలో రాసుకుంటాను."

"అందులో వీధంతా సంతకాలు పెడతారు గదక్కా. రెండుసార్లు నిలవలేదు. మూడో నెల దాటేదాకా ఎవరికీ తెలియకూడదు. పోయినసారి నా ఏడుపు మానుకుని మా అత్తను ఓదార్చాను."

ఏం చేస్తున్నానో తేల్చుకోకుండానే, మాత్ర ఇవ్వకుండానే ఆమె వేలికి సిరా పెట్టేశాను.

బయట అత్త ఆ చెయ్యి పైకెత్తి చూపించింది. "మా పిల్ల మింగింది."

"సరే, పదిమందితో చావు కూడా పెళ్లిలాంటిదే" అని తాత మింగాడు. వెనకాల నలుగురూ మింగారు.

నేను వీధి చివరికి చేరేసరికి తాతకు కళ్లు తిరిగి వాంతయిందని కబురు. పరుగెత్తాను. లోపల పురుగు చస్తే కొందరికి అలా అవుతుందని మాకు చెప్పారు. అంటే జబ్బు ఆయన ఒంట్లోనే ఉండిందా? మంచే జరిగిందా? ఆయన భార్య కోడలి చెయ్యి పట్టుకుని అడుగుతోంది: "నీకేం కాలేదుగా తల్లీ? నిన్ను చూసే మింగాడాయన."

"ఏం కాలేదు మామ్మా" అంది కోడలు, నా వైపు చూడకుండా.

తాత తల ఎత్తాడు. "నువ్వు దగ్గరుండి మింగించావు గదా, తల్లీ?"

ఔనంటే ఈయన్ను మోసగించినట్టు. కాదంటే ఆమెను వీధిలో నిలబెట్టినట్టు.

"ముందు ఈ నీళ్లు తాగు, తాతా" అన్నాను.

ఆయన గ్లాసు అందుకోలేదు.